చూసినవారికి అనుభవం, చేసినవారికి కూలి

గత వేసవిలో నా సహోద్యోగి ఒకరు నాలుగు పేజీల కాగితాలు నా చేతికిచ్చి, 'కాస్త చదివి చెప్పండి సార్' అన్నారు. ఇంగ్లండులో స్థిరపడిన వాళ్ల తమ్ముడి కొడుకు రాసినవవి. ఆ అబ్బాయికి పదిహేడేళ్లు. అక్కడ వైద్యవిద్యకు దరఖాస్తు చేయబోతున్నాడు. సెలవుల్లో వచ్చి, ఇక్కడ బంధువులకున్న ఒక ఆసుపత్రిలో రెండు వారాలు గడిపాడు. డాక్టర్ల వెంట వార్డుల్లో తిరిగాడు. ఓపీ గదిలో ఒక మూల కూర్చుని రోగులు చెప్పేది విన్నాడు. రాత్రి ఇంటికెళ్లి తాను చూసినదేమిటో, దాని నుంచి గ్రహించినదేమిటో రాసుకున్నాడు. భాష బాగుంది, ఆలోచన నిజాయతీగా ఉంది.

బ్రిటన్‌లో వైద్య కళాశాలలు మార్కులూ ప్రవేశ పరీక్షా చూసి ఊరుకోవు. ఈ వృత్తిలోకి వస్తానంటున్నావు, ఈ వృత్తి ఏమిటో నీకు తెలుసా అని అడుగుతాయి. ఎన్ని రోజులు ఆసుపత్రిలో ఉన్నావన్నది కాదు, ఉన్న రోజుల నుంచి ఏం నేర్చుకున్నావన్నది ముఖ్యమని అక్కడి వైద్య కళాశాలల మండలి తన మార్గదర్శకాల్లో చెబుతుంది. ఇంటర్వ్యూలో దాని మీద గుచ్చి గుచ్చి ప్రశ్నలు వేస్తారు. అమెరికాలోనైతే వైద్యవిద్య ఉమ్మడి దరఖాస్తులోనే పని, కార్యకలాపాల కింద 15 అనుభవాల వరకు నమోదు చేసుకునే వీలుంది. వాటిలో మూడింటిని అత్యంత అర్థవంతమైనవిగా ఎంచుకుని వివరించవచ్చు. వైద్యం చదవడానికి ముందే రోగి మంచం పక్కన కొంతకాలం నిలబడి ఉండాలన్నది ఆ ఏర్పాటు వెనుక ఉన్న భావన. అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు.

ఆ కాగితాల్లో మూడో పేజీ దగ్గర నేను ఆగిపోయాను. కాన్పయిన ఒక స్త్రీకి రక్తస్రావం మితిమీరుతోందని అందరికంటే ముందు గమనించింది వార్డు శుభ్రం చేసే మనిషి అని ఆ అబ్బాయి రాశాడు. ఆమె కేక వేశాకే నర్సు పరుగెత్తింది, ఆ తర్వాతే డాక్టరు వచ్చాడు. ఆసుపత్రిలో చూసే కళ్లు డాక్టరువి మాత్రమే కావని ఆ రోజు తెలుసుకున్నానన్నాడు. ఏ ఇంటర్వ్యూ బోర్డయినా మెచ్చుకునే మాట. అయితే ఆ నాలుగు పేజీల్లో ముగ్గురు డాక్టర్ల పేర్లున్నాయి, ఒక నర్సు పేరుంది. ప్రమాదాన్ని పసిగట్టిన మనిషికి మాత్రం పేరు లేదు. 'క్లీనర్' అని ఉంది.

నేను ఆగిపోయింది అందుకు మాత్రమే కాదు. ఆ మనిషి నాకు తెలుసు. ఆమె కాకపోతే ఆమెలాంటి మరొకామె. మా అమ్మ కోస్తాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి కాన్పుల వార్డులో 22 ఏళ్లు ఆయాగా పనిచేసింది. మొదట దినకూలీగా, తర్వాత ఒక కాంట్రాక్టరు కింద, చివరికి ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీల కింద. మాదిగవాడలో పుట్టి, అయిదో తరగతితో బడి మానేసిన మనిషి. మాయ పడిన తర్వాత తల్లి పొత్తికడుపు మీద చేయి వేసి, గర్భసంచి గట్టిపడిందో మెత్తగానే ఉండిపోయిందో చెప్పగలిగేది. తడిసిన గుడ్డల్ని లెక్కపెట్టేది. గంటలో ఎన్ని మార్చవలసి వచ్చిందన్నదే ఆమె కొలమానం. ప్రసవానంతర రక్తస్రావం మన దేశంలో మాతృమరణాలకు ప్రధాన కారణాల్లో ఒకటని నేను ఎంతో కాలం తర్వాత పుస్తకాల్లో చదువుకున్నాను. అమ్మకు అది గుడ్డల లెక్కలో ముందే తెలుసు.

ఒక రాత్రి ఆ లెక్క చెప్పబోతే డ్యూటీలో ఉన్నవారు 'నీ పని నువ్వు చూసుకో' అన్నారట. అమ్మ వెళ్లి గుమ్మం దగ్గర నిలబడి, కాసేపటికి మళ్లీ వెళ్లి చెప్పిందట. మూడోసారికి ఎవరో లేచి వెళ్లి చూశారు. ఆ తల్లి బతికింది. ఆ రాత్రి కేస్ షీటులో ఏం రాశారో నాకు తెలియదు గానీ, మా అమ్మ పేరు అందులో ఉండే అవకాశం లేదని మాత్రం తెలుసు. ఆయా చెప్పినదాన్ని రాసుకోవడానికి కేస్ షీటులో గడి ఉండదు.

ఇక మా ఇంట్లో మూడో తరం సంగతి. మా చెల్లెలి కూతురు ఇంటర్‌లో బైపీసీ చదివింది. నీట్ రాసింది. సీటు వచ్చే ర్యాంకు కాదు. ఒక ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు వెళ్లింది. మళ్లీ కొద్దిలో తప్పింది. రెండో ఏడాది కోచింగ్ ఫీజు కోసం ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పది నెలల పాటు రాత్రి డ్యూటీలు చేసింది. రోగుల్ని పక్కకు తిప్పడం, ఒళ్లు తుడవడం, మూత్రం సంచి కొలత రాయడం, తెల్లవారుజామున పోయినవాళ్ల కళ్లు మూయడం ఆమె పని. పగలు నిద్రమత్తులో ఫిజిక్సు లెక్కలు చేసుకునేది. ఆ ఏడు ర్యాంకు మరింత వెనక్కి పోయింది. ఇప్పుడు బీఎస్సీ నర్సింగ్ చదువుతోంది. ఇంగ్లండు అబ్బాయి కాగితాల సంగతి నేను ఇంట్లో చెబుతున్నప్పుడు ఆ పిల్ల అంతా విని, 'మామయ్యా, మరి నేను చేసింది అనుభవం కాదా?' అని అడిగింది. విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం బోధించే నా దగ్గర ఆ ప్రశ్నకు వెంటనే జవాబు లేకపోయింది. ఈ వ్యాసం ఆ జవాబు కోసం చేస్తున్న ప్రయత్నం.

ఒకే వార్డులో, ఒకే మంచం పక్కన ముగ్గురు నిలబడ్డారు. ఒకరు రెండు వారాలు చూశారు. ఒకరు పది నెలలు చేశారు. ఒకరు 22 ఏళ్లు చేశారు. వీరిలో మొదటివారిది మాత్రమే అనుభవంగా నమోదైంది. మిగిలిన ఇద్దరిదీ కూలిగా జమకట్టబడింది. చూడడం అనుభవంగా, చేయడం కూలిగా ఎలా మారాయి? దీనికి రెండు దేశాల విద్యావిధానాల మధ్య తేడాను కారణంగా చూపించి సరిపెట్టుకోవచ్చు. అది సగం జవాబే. మిగిలిన సగం కులంలో ఉంది.

మన సమాజంలో శరీరాన్ని తాకే పని అంతా ఏనాడో కింది కులాలకు అప్పజెప్పబడింది. పురుడు పోసే మంత్రసానులు చాలా ఊళ్లలో మంగలి, మాల, మాదిగ స్త్రీలే. గాయాలు కోసి, చీము తీసి, కట్టు కట్టింది మంగళ్లు. పురుడు మైల గనుక, ఆ మైలలో చేయి పెట్టేవారు మైలవారయ్యారు. వారి చేతుల్లోని నేర్పు విద్య కాకుండా పోయింది. చికిత్సకుడి అన్నాన్ని సైతం మనుస్మృతి నిషిద్ధాల జాబితాలో చేర్చింది. రోగి శరీరాన్ని తాకినవాడు ఏ కులంవాడైనా ఆ కళంకం తప్పదన్న మాట.

ఆధునిక వైద్యం వచ్చాక ఈ లెక్క తారుమారైంది. 1835లో కలకత్తా వైద్య కళాశాల ప్రారంభమైంది. మరుసటి ఏడు పండిత మధుసూదన్ గుప్తా అక్కడ శవచ్ఛేదం చేసిన ఘటనను భారతీయ వైద్యచరిత్ర గొప్ప తెగువగా చెప్పుకుంటుంది. అందుకు గౌరవసూచకంగా కోటలో ఫిరంగులు పేల్చారన్న కథ కూడా ప్రచారంలో ఉంది. పై కులం మనిషి శవాన్ని ముట్టుకోవడం చరిత్ర అయింది. కానీ శవాల్ని మోసిన, కడిగిన, కాల్చిన చేతులు ఆ దేశంలో అంతకు ముందు ఎన్నో వందల ఏళ్లుగా ఉన్నాయి. వాటికోసం ఎవరూ ఫిరంగులు పేల్చలేదు. తాకడం ఒక కులానికి సాహసం, మరో కులానికి జన్మధర్మం. నేటి మార్చురీలకు వెళ్లి చూడండి. చాలాచోట్ల కోత కోసేదీ కుట్లు వేసేదీ మార్చురీ సహాయకులే. నివేదిక మీద సంతకం డాక్టరుది. చెయ్యి ఒకరిదీ, జ్ఞానం ఒకరిదీ అన్న విభజన రెండు శతాబ్దాల ఆధునిక వైద్యం తర్వాత కూడా చెక్కుచెదరలేదు.

అంబేద్కర్ 1936 నాటి 'కుల నిర్మూలన'లో కులాన్ని పనుల పంపకంగా సమర్థించేవారికి గట్టి సమాధానం చెప్పాడు. పనులు పంచుకోవడం వేరు, పనిచేసే మనుషుల్ని ఒకరికొకరు అందకుండా అంతస్తులుగా పేర్చడం వేరు అన్నది ఆయన వాదన సారం. ఆసుపత్రి ఆ అంతస్తులకు నిలువెత్తు నమూనా. ప్రొఫెసర్ గోపాల్ గురు 2002లో భారతీయ సామాజిక శాస్త్రాల గురించి వేసిన ప్రశ్న కూడా ఇక్కడ గుర్తొస్తుంది. దళితులు అనుభవాన్ని సమకూర్చేవారుగా, ఇతరులు దాని నుంచి సిద్ధాంతం తయారుచేసేవారుగా మిగిలిపోతున్నారన్నది ఆయన ఆవేదన. ఆసుపత్రిలోనూ అంతే. వార్డు ఆయా గమనింపు ముడిసరుకు. దాన్ని రాసుకున్నవారి దగ్గర అది 'ఆలోచనాత్మక అభ్యసనం' అవుతుంది.

ఇప్పుడు మన ప్రవేశ విధానానికి వద్దాం. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. భౌతికశాస్త్రంలో 45, రసాయనశాస్త్రంలో 45, జీవశాస్త్రంలో 90. ఏటా ఇరవై లక్షల మందికి పైగా ఈ పరీక్ష రాస్తున్నారు. ఆ 180 ప్రశ్నల్లో ఒక్కటి కూడా ఈ అభ్యర్థి ఎప్పుడైనా ఒక రోగి చెయ్యి పట్టుకున్నాడా అని అడగదు. కార్పొరేట్ కళాశాల హాస్టల్లో రెండేళ్లు, లాంగ్‌టర్మ్‌లో మరో ఏడాదో రెండేళ్లో గడిపిన పిల్లలు, జ్వరం వచ్చినప్పుడు తప్ప ఆసుపత్రి గడప తొక్కకుండానే వైద్య కళాశాలలో అడుగుపెడతారు. మొదటిసారి రక్తం చూసి కళ్లు తిరిగి పడిపోయేవారుంటారు. అది తప్పు కాదు. వారిని అలా తయారుచేసిన విధానంలో తప్పుంది.

అయితే ఇక్కడొక ప్రమాదాన్ని స్పష్టంగా చెప్పాలి. 'బ్రిటన్‌లాగా మనమూ అనుభవానికి మార్కులు వేద్దాం, వ్యాసాలు రాయిద్దాం, ఇంటర్వ్యూలు పెడదాం' అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నీట్‌కు ఎన్ని దోషాలున్నా, ఆప్టికల్ షీటు దిద్దే యంత్రానికి ఇంటిపేరు కనిపించదు. రిజర్వేషన్ తోడైన రాతపరీక్ష వల్లనే మా వాడల నుంచి డాక్టర్లు పుట్టుకొచ్చారు. మనిషి ఎదురుగా కూర్చుని మార్కులు వేసే చోటల్లా కులం కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో వివక్షపై విచారించిన సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదికలో, మౌఖిక, ప్రయోగ పరీక్షల్లో తమకు న్యాయం జరగడం లేదని దళిత, ఆదివాసీ విద్యార్థులు చెప్పుకున్నారు. ముంబయిలో 2019లో పాయల్ తడ్వీ అనే ఆదివాసీ పీజీ వైద్యురాలు ప్రాణం తీసుకున్నప్పుడు, సీనియర్ల కులవేధింపులే కారణమన్న ఆరోపణ దేశాన్ని కుదిపింది. ఇలాంటి వ్యవస్థ చేతికి 'అనుభవాన్ని అంచనా వేసే' విచక్షణాధికారం ఇవ్వడం పిల్లికి పాలకుండ అప్పగించడమే.

పైగా అనుభవం కూడా ఒక ఆస్తే. డాక్టరు పెదనాన్న ఉన్న పిల్లవాడికి అది ఫోను కాల్‌తో దొరుకుతుంది. వార్డు ఆయా మనవరాలికి దొరకదు. ఆమె ఆసుపత్రిలోనే పుట్టి పెరిగినా దొరకదు. ఈ మాట బ్రిటన్ వారికీ ఆలస్యంగా తెలిసివచ్చింది. అక్కడి వైద్య కళాశాలల మండలి 2014లో వెలువరించిన నివేదిక, వైద్యవిద్యకు దరఖాస్తు చేసేవారిలో దాదాపు 80 శాతం మంది కేవలం 20 శాతం పాఠశాలల నుంచే వస్తున్నారని తేల్చింది. అందువల్లనే ఆసుపత్రిలో డాక్టరు వెనుక నిలబడితేనే అనుభవమన్న భ్రమను అక్కడ తొలగించే ప్రయత్నం చేశారు. వృద్ధాశ్రమంలో చేసిన సేవ, దుకాణంలో మనుషులతో వ్యవహరించిన ఉద్యోగం, ఇంట్లో జబ్బుపడినవారిని చూసుకున్న బాధ్యత, ఇవన్నీ లెక్కకు వస్తాయని అభ్యర్థులకు చెబుతున్నారు. కోవిడ్ కాలంలో ఆసుపత్రుల తలుపులు మూసుకున్నాక, ఇంటి నుంచే చూసి నేర్చుకునే ఆన్‌లైన్ పాఠాలకు ప్రాధాన్యం పెరిగింది. ఇంత చేసినా అక్కడ అసమానత పోయిందని చెప్పలేం. కానీ ఒక సూత్రాన్ని వారు అంగీకరించారు. జీతానికి చేసిన పని, బాధ్యతగా చేసిన పని కూడా మనిషికి వైద్యం గురించి నేర్పుతుంది. మనం ఇంకా అంగీకరించనిది సరిగ్గా ఈ సూత్రాన్నే.

నిజానికి మన దగ్గర ఈ సూత్రం అసలు లేదనడం కూడా సరికాదు. ఉంది. ఎవరికి ఉందన్నదే ప్రశ్న. ఎంబీబీఎస్ పూర్తిచేసి ప్రభుత్వ సర్వీసులో చేరిన డాక్టర్లకు పీజీ సీట్లలో సర్వీసు కోటా ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, గిరిజన ప్రాంతంలో పనిచేసిన ఏళ్లకు అక్కడ విలువ కడతారు. తమిళనాడు వైద్యాధికారుల కేసులో 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, అటువంటి కోటా కల్పించే అధికారం రాష్ట్రాలకు ఉందని తీర్పు చెప్పింది. నేను దాన్ని పూర్తిగా సమర్థిస్తాను. గ్రామాల్లో పనిచేసిన డాక్టరుకు ఆ అనుభవం వల్ల అదనపు అర్హత వస్తుందన్నది న్యాయమైన మాట. మరి అదే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, అదే డాక్టరు పక్కన, అంతకంటే ఎక్కువ ఏళ్లు పనిచేసిన ఏఎన్‌ఎంకు ఎంబీబీఎస్ వైపు ఒక్క మెట్టయినా ఎందుకు లేదు? స్టాఫ్ నర్సుకు, ల్యాబ్ టెక్నీషియన్‌కు, వార్డు ఆయాకు ఎందుకు లేదు? డాక్టరు సేవ సర్వీసు అవుతుంది, మిగిలినవారి సేవ సర్వీసు కాదు. ఈ తేడాకు విద్యాపరమైన కారణం ఎంత వెదికినా నాకు దొరకలేదు.

ఆశా కార్యకర్తల సంగతి మరీ విచిత్రం. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో మొదలైన ఈ పథకంలో వారిని ఉద్యోగులుగా కాక స్వచ్ఛంద కార్యకర్తలుగా పరిగణించారు. ఇచ్చేది జీతం కాదు, ప్రోత్సాహకం. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధినేత వారి సేవను గుర్తించి అంతర్జాతీయ పురస్కారం ప్రకటించారు. ఇంగ్లండులో ఒక విద్యార్థి స్వచ్ఛంద సేవ చేస్తే అది వైద్య కళాశాల దరఖాస్తులో బలమవుతుంది. ఇక్కడ ఒక పేద స్త్రీ స్వచ్ఛంద సేవకురాలన్న ముద్ర ఆమె జీతాన్ని తగ్గించడానికి మాత్రమే పనికొస్తుంది. ఒకే మాట ఒకచోట నిచ్చెన, మరోచోట సంకెల.

కనుక నా ప్రతిపాదనలు ఇవి. మొదటిది, సర్వీసు సర్టిఫికెట్. ఇది చాలా చిన్న కోరికలా కనిపిస్తుంది. మా అమ్మ 22 ఏళ్లకు రుజువుగా మా ఇంట్లో ఉన్నది రెండు గుర్తింపు కార్డులు, ఒక బ్యాంకు పుస్తకం. టెండరు మారినప్పుడల్లా ఏజెన్సీ మారింది. ఏజెన్సీ మారినప్పుడల్లా ఆమె కొత్తగా చేరినట్టు రాసుకున్నారు. కాగితం మీద ఆమె ఏనాడూ 22 ఏళ్లు పనిచేయలేదు. అనుభవానికి విలువ కట్టమని అడిగే ముందు అనుభవం ఉన్నట్టు ఒప్పుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసే ప్రతి ఔట్‌సోర్సింగ్ కార్మికుడికీ, ఏజెన్సీతో నిమిత్తం లేకుండా, ఆసుపత్రి సూపరింటెండెంటు సంతకంతో ఏటా సర్వీసు ధ్రువపత్రం ఇవ్వాలి. దీనికి ఒక జీవో చాలు.

రెండవది, రాష్ట్ర కోటా సీట్లలో ఆరోగ్య కార్మికులకు ప్రత్యేక వాటా. అర్హతకు నీట్ ఉండనీయండి. ఆ అర్హత సాధించినవారిలో నిర్దిష్టమైన ఏళ్లపాటు ఏఎన్‌ఎం, నర్సు, ఆశా, టెక్నీషియన్, వార్డు, పారిశుధ్య విభాగాల్లో పనిచేసినవారికి కొన్ని సీట్లు కేటాయించాలి. ఏళ్లను లెక్కపెట్టడానికి ఇంటర్వ్యూ అక్కర్లేదు. వ్యాసం అక్కర్లేదు. ధ్రువపత్రం చాలు. కులానికి కుర్చీ దొరకదు. ఇది చట్టపరంగా అసాధ్యమేమీ కాదు. తమిళనాడు 2020లో ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు వైద్యవిద్యలో 7.5 శాతం సీట్లు నీట్ ర్యాంకుల ఆధారంగానే ప్రత్యేకించింది. మద్రాసు హైకోర్టు 2022లో దాన్ని సమర్థించింది. నీట్‌కు గరిష్ఠ వయోపరిమితి కూడా 2022 నుంచి లేదు. అంటే 35 ఏళ్ల ఏఎన్‌ఎం ఇంటర్ బైపీసీ ఉంటే నేడు నీట్ రాయవచ్చు. తలుపు తెరిచే ఉంది, అక్కడిదాకా మెట్లు లేవు. రాత్రి డ్యూటీ చేసేవారికి ఒక ఏడాది జీతంతో కూడిన సెలవు, ఉచిత శిక్షణ ఇస్తే ఆ మెట్లు కట్టినట్టవుతుంది. బైపీసీ లేని ఆయాలు, ఆశాలకు ఓపెన్ స్కూలు ద్వారా ఆ చదువు అందించాలి. అందుకోలేని వయసులో ఉన్నవారి విషయంలో వారి పిల్లలకు ఆ వాటాలో చోటు కల్పించే అంశాన్ని చర్చించాలి.

ఈ వాటా రాజ్యాంగబద్ధమైన ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లకు ప్రత్యామ్నాయం కాకూడదు. సమాంతర వాటాగా ప్రతి సామాజిక వర్గంలోనూ వర్తించాలి. ఎస్సీ సీట్లను తగ్గించి 'కార్మికుల సీట్లు' అని పేరు మార్చే తెలివితేటల్ని మనం ముందే పసిగట్టాలి.

మూడవది, వైద్య కళాశాల లోపల జరగవలసిన పని. జాతీయ వైద్య మండలి పాఠ్యప్రణాళికలో ఇప్పటికే మొదటి ఏడాదిలో ఫౌండేషన్ కోర్సు ఉంది, తొలి దశలోనే రోగుల దగ్గరకు తీసుకెళ్లే ఏర్పాటు ఉంది, వైఖరి, నైతికత, సంభాషణ మీద పాఠాలున్నాయి, గ్రామాల్లో కుటుంబాల్ని దత్తత తీసుకునే కార్యక్రమం ఉంది. ఇవన్నీ మంచివే. కానీ ఇవన్నీ విద్యార్థిని డాక్టరు వెనుకే నడిపిస్తాయి. మొదటి ఏడాది విద్యార్థి రెండు వారాలు వార్డు ఆయా వెంట, మరో వారం పారిశుధ్య కార్మికుడి వెంట, కొన్ని రోజులు మార్చురీ సహాయకుడి వెంట నడవాలి. చూడడం కాదు, చేయాలి. బెడ్‌పాన్ ఎత్తాలి. దుప్పటి మార్చాలి. ఆ తర్వాత తాను నేర్చుకున్నదేమిటో రాయాలి. తనకు నేర్పినవారి పేర్లు రాయాలి. నేర్పినవారికి ఆ బోధనకు గౌరవ వేతనం ఇవ్వాలి. ఈ పని చేయించడానికి ఏ తల్లిదండ్రులు అభ్యంతరం చెబుతారో, ఏ కారణం చెబుతారో గమనిస్తే మన వైద్యవిద్యలో కులం ఎక్కడ దాక్కుందో తెలిసిపోతుంది.

'ఆయాలు డాక్టర్లయితే ప్రతిభ ఏం కావాలి?' అన్న ప్రశ్న వస్తుందని తెలుసు. 2023లో పీజీ సీట్లు ఖాళీగా మిగిలినప్పుడు నీట్ పీజీ అర్హతను అన్ని వర్గాలకూ సున్నా పర్సంటైల్‌కు తగ్గించారు. అప్పుడు ప్రతిభ ఏమైందో ఆ ప్రశ్న అడిగేవారు చెప్పాలి. ప్రైవేటు కళాశాలల్లో 15 శాతం ఎన్నారై కోటా ఏ ప్రతిభకు కొలమానమో కూడా చెప్పాలి. డబ్బుతో కొన్న సీటు మీద లేవని అనుమానం, చెమటతో సంపాదించిన సీటు మీద మాత్రమే లేస్తే అది ప్రతిభ గురించిన ఆందోళన కాదు. పైగా నేను అడుగుతున్నది పరీక్ష లేకుండా పంపమని కాదు. అందరితోపాటు అయిదున్నరేళ్లు చదివి, అన్ని పరీక్షలూ పాసై బయటికొచ్చే డాక్టరు గురించి మాట్లాడుతున్నాను. మూడుసార్లు వెనక్కి పంపినా నాలుగోసారి వెళ్లి చెప్పే ఓర్పు ఆ డాక్టరుకు అదనంగా ఉంటుంది.

ఈ వ్యాసం చదివే విద్యార్థుల్లో నీట్‌కు తయారవుతున్నవారుంటారు. మీ ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో ఊడ్చే, మోసే, తుడిచే పని చేస్తుంటే ఆ సంగతి దాచుకోకండి. హాస్టల్లో అమ్మ ఏం చేస్తుందని అడిగితే 'గవర్నమెంటు జాబ్' అని తప్పించుకున్నవాణ్ని నేను. ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా ఆ అబద్ధం నా నాలుక మీద చేదుగానే ఉంది. వాళ్లు పనిలో చూసినవి అడిగి తెలుసుకోండి, మీ మాటల్లో రాసిపెట్టుకోండి. ఇప్పటికి ఏ దరఖాస్తులోనూ దానికి గడి లేదు. గడి కావాలని అడగడానికైనా ముందు అది కాగితం మీద ఉండాలి.

ఇంగ్లండు అబ్బాయికి నేను ఫోన్ చేశాను. కాగితాలు బాగున్నాయని చెప్పాను. ఒక్కటి మాత్రం అడిగాను, ఆమె పేరేమిటని. కాసేపు మాట్లాడలేదు. 'అడగలేదు అంకుల్' అన్నాడు. రెండు రోజుల తర్వాత మా సహోద్యోగి ద్వారా మార్చిన మూడో పేజీ పంపాడు. ఆసుపత్రికి ఫోన్ చేసి ఆమె పేరు తెలుసుకున్నాడు. ఆ పేరు వాడుకోవచ్చా అని ఆమెనే అడిగాడు కూడా. చివర్లో ఒక వాక్యం చేర్చాడు. ఆమెకు ఆ సంగతి ఎలా తెలుసో నేను ఆ రోజు అడగవలసింది, అడగలేదు అని. ఆ పిల్లవాడికి సీటు రావాలనే నా కోరిక.

ఆ పేజీని మా అమ్మకు చదివి, తెలుగులో అర్థం చెప్పాను. ఆమెకిప్పుడు డెబ్బై దాటాయి, పింఛను లేదు. అంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేసింది. 'మరి ఆమెకు జీతం పెంచారా?'